మాగ్నెటిక్ లూప్‌కి రాగి గొట్టం చెన్నైలో చవగ్గా ఎక్కడ?

పోరూరు_బాల్కనీ
ప్రసారానికి మాగ్నెటిక్ లూప్ యాంటెన్నా కట్టాలి, అంటే గొట్టాన్ని ఒక్క చుట్టు వంచి, చివర్ల మధ్య కెపాసిటర్ పెట్టి ట్యూన్ చేసేది. 7, 14 మెగాహెర్ట్జ్ చాలు, పది వాట్లు దాటను. ఎవరిని అడిగినా 22 మి.మీ. రాగి గొట్టం, మూడు మీటర్ల చుట్టుకొలత అంటున్నారు. ప్యారిస్ కార్నర్ దగ్గర ఒక షాపులో 22 మి.మీ., 0.9 మందం, మూడు మీటర్ల ముక్కకి 4,800 చెప్పాడు. పక్క షాపువాడు అసలు ముక్కలు కొయ్యడట, ఫుల్ లెంగ్తే కొనాలట. ఇలా అయితే రేడియో కంటే గొట్టానికే ఎక్కువయ్యేలా ఉంది. చవగ్గా దొరికే దారి ఏది? రాగి తప్ప ఇంకేదీ పనికిరాదా? బాల్కనీ ఒకటిన్నర మీటరు వెడల్పు, ఏడో అంతస్తు.

తూకంరాయి
అడుగు లెక్కనో, మీటరు లెక్కనో ధర చెప్తే నమ్మకు. కేజీల్లోకి మార్చి చూడు. రాగి గొట్టానికి సూత్రం ఇది: బయటి వ్యాసం నుంచి మందం తీసెయ్, వచ్చినదాన్ని మందంతో గుణించు, ఆ పైన 0.02815తో గుణించు. అన్నీ మి.మీ.లో వేస్తే మీటరుకి ఎన్ని కేజీలో వస్తుంది.

22 × 0.9 అయితే మీటరుకి 0.534 కేజీ. మూడు మీటర్లు 1.6 కేజీ. 4,800 అంటే కేజీ మూడు వేలు పడింది. ఆ రోజు పేపర్లో రాగి రేటు చూసుకో, దానికి తయారీ ఖర్చు, అతని లాభం, 18 శాతం జీఎస్టీ కలుపు. మూడు వేలకి ఎక్కడా చేరదు. ఒక్క ముక్క కొనేవాడివని మొహం చూసి చెప్పిన రేటు అది.

సోల్డర్‌బాబు
ఏసీ స్పేర్ పార్టుల షాపుకి వెళ్లన్నా, ప్లంబింగ్ షాపుకి కాదు. అక్కడ మెత్తటి రాగి గొట్టం చుట్టలుగా ఉంటుంది, చుట్ట 15 మీటర్లు. సైజులు అంగుళాల్లో: పావంగుళం, మూడు బై ఎనిమిది, అరంగుళం, ఐదు బై ఎనిమిది, ముప్పావు. మెకానిక్కులకి రోజూ కోసి ఇస్తారు కాబట్టి నాలుగు మీటర్లు అడిగినా విసుక్కోరు. పైగా గుండ్రంగా చుట్టే ఉంటుంది, నువ్వు వంచేదేం లేదు, కాస్త విప్పడమే.

క్యూ_వెయ్యి
కొనేముందు ఒక మాట. గొట్టం మందానికి డబ్బు పెట్టకండి. 7 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగి పైపొరలో 0.025 మి.మీ. లోతులోనే పారుతుంది, 14 దగ్గర 0.018. అంటే 0.7 మందమున్న గొట్టమూ 1.2 గొట్టమూ యాంటెన్నాకి ఒకటే. తూకంలో మాత్రం నలభై శాతం తేడా. పలచగా ఉన్నదే అడగండి. చూడాల్సింది బయటి వ్యాసం ఒక్కటే.

వేళచ్చేరి_తీగ
అందుకే కదా 22 అంటున్నారు. అరంగుళం వేస్తే 40 మీటర్ల బ్యాండ్ (అదే 7 మెగాహెర్ట్జ్) మీద ఏమీ మిగలదు.

లెక్కలమాస్టారు
"ఏమీ మిగలదు" అనడం ఎందుకు, లెక్క వేద్దాం. మూడు మీటర్ల గుండ్రటి లూప్, కెపాసిటర్ నష్టం సున్నా అనుకుని:

7.1 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియేషన్ రెసిస్టెన్స్ (సిగ్నల్‌గా బయటికెళ్లే పవర్ వాటా) 0.005 ఓం. గొట్టం ఏదైనా ఇది మారదు. నష్టపు రెసిస్టెన్స్ (వేడిగా పోయే వాటా) 22 మి.మీ.కి 0.030 ఓం, ఐదు బై ఎనిమిదికి 0.042, అరంగుళానికి 0.052. సామర్థ్యం వరసగా 14, 10.7, 8.8 శాతం. 22 నుంచి అరంగుళానికి దిగితే పోయేది 2.1 డెసిబెల్.

14.1 దగ్గర ఇవే 65, 57, 51 శాతం. తేడా ఒక్క డెసిబెల్. అవతలి స్టేషన్‌లో మీటరు ముల్లు కూడా గమనించదు.

ఇప్పుడు అసలు సంగతి. రేడియేషన్ రెసిస్టెన్స్ చుట్టుకొలతకి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. నష్టం మామూలుగా, ఒకటో ఘాతంతో. కాబట్టి డబ్బు లావుకి కాదు, పొడవుకి పెట్టాలి. ఐదు బై ఎనిమిది గొట్టంతో నాలుగు మీటర్ల లూప్ కడితే 7.1 దగ్గర 22 శాతం, 14.1 దగ్గర 76 శాతం. గొట్టం 0.8 మందమైతే బరువు 1.36 కేజీ. 22 మి.మీ.తో మూడు మీటర్లకి 1.6 కేజీ పట్టి 14 శాతం వచ్చింది కదా. రాగి తగ్గింది, సిగ్నల్ పెరిగింది. వ్యాసం 1.27 మీటర్లు, ఒకటిన్నర మీటరు బాల్కనీలో పడుతుంది.

నాలుగు మీటర్లంటే 14.1 దగ్గర తరంగదైర్ఘ్యంలో 0.19 వంతు, పావు లోపలే ఉంది. 21 మెగాహెర్ట్జ్‌కి మాత్రం ఈ లూప్ పెద్దదైపోతుంది.

పోరూరు_బాల్కనీ
మాస్టారూ, ఇదెవరూ చెప్పలేదండీ. అందరూ "లావు, ఇంకా లావు" అనేవాళ్లే. అయితే ఐదు బై ఎనిమిదే. గుండ్రం చెయ్యడం కష్టమైతే చదరంగా కట్టొచ్చా?

లెక్కలమాస్టారు
కట్టొచ్చు గానీ నష్టం. అదే చుట్టుకొలతకి చదరం వైశాల్యం వృత్తంలో 78.5 శాతమే. రేడియేషన్ రెసిస్టెన్స్ వైశాల్యం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 62 శాతానికి పడిపోతుంది. 7 దగ్గర అది దాదాపు రెండు డెసిబెల్. గొట్టం మార్చి సంపాదించిందంతా మూలల దగ్గర వదిలేసినట్టే. ఎనిమిది పలకలైతే 90 శాతం నిలుస్తుంది, అది ఫరవాలేదు.

గిండీ_ఫిట్టర్
ఎనిమిది పలకలంటే గుర్తొచ్చింది. ఆసుపత్రుల్లో ఆక్సిజన్ లైన్లకి వేసే రాగి పైపు 15, 22, 28 మి.మీ.లో వస్తుంది, గట్టి రకం, నిటారు ముక్కలు. పని అయ్యాక కాంట్రాక్టర్ దగ్గర అడుగు, అడుగున్నర ముక్కలు మిగులుతాయి. ఎనిమిది ముక్కలు, ఎనిమిది 45 డిగ్రీల ఎల్బోలు. ముక్కలు తుక్కు రేటుకే ఇస్తారు గానీ ఎల్బోలు కొత్తవి కొనాలి, ముక్కల దగ్గర మిగిలింది అక్కడ ఖర్చైపోతుంది. ఒక పలకని రెండు ముక్కలుగా చేసి కెపాసిటర్ గ్యాప్ అక్కడ పెట్టండి. ఎల్బోకి రెండు చొప్పున 16 అతుకులు, అన్నీ వేడి చేసి సోల్డర్ లోపలికి లాక్కునేలా చెయ్యాలి. బోల్టు బిగించి వదిలెయ్యకూడదు.

వంచడానికి మాత్రం ఆ పైపు తేకండి, మడత పడుతుంది.

పాతసామాన్ల_పుల్లయ్య
ఇంత లెక్కెందుకు? పుదుప్పేటలో, పాత ఇనుప షాపుల్లో విప్పేసిన ఏసీ గొట్టాలు దొరుకుతాయి. ఫ్రిజ్ వెనకాల ఉండే నల్ల గొట్టం గీకితే లోపల రాగే. కేజీ లెక్కన పట్రండి.

సోల్డర్‌బాబు
@పాతసామాన్ల_పుల్లయ్య ఆ ఫ్రిజ్ గొట్టం రాగి కాదు గురూ! ఉక్కు గొట్టం మీద రాగి పూత. గీకితే ఎర్రగా కనిపించేది ఆ పూతే. పూత కొద్ది మైక్రాన్లు, కరెంటుకి కావాల్సింది పాతిక మైక్రాన్లు. మిగతాది ఇనుములో పారి వేడైపోతుంది. జేబులో అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి, అంటుకుంటే వదిలెయ్యండి.

పాత ఏసీ గొట్టం తెస్తే ఇంకో జాగ్రత్త. లోపల నూనె, గ్యాసు ఆనవాళ్లు ఉంటాయి. కడగకుండా టార్చి పెట్టకండి. రిఫ్రిజిరెంట్ మంటలో కాలితే వచ్చే పొగ విషం, ఫాస్జీన్ కూడా ఉంటుంది. ముందు థిన్నర్ పోసి రెండు సార్లు కడిగి, గాలి ఊది, పూర్తిగా ఆరాకే మంట.

పాతసామాన్ల_పుల్లయ్య
సరే, ఫ్రిజ్ మాట వెనక్కి తీసుకున్నా. స్టెయిన్‌లెస్ స్టీల్ కర్టెన్ రాడ్డు? దానికి అయస్కాంతం అంటుకోదుగా 😄

క్యూ_వెయ్యి
అంటుకోకపోయినా పనికిరాదు. 304 స్టీల్ నష్టం రాగికి ఆరున్నర రెట్లు. మాస్టారు చెప్పిన 14 శాతం రెండున్నర అవుతుంది. ఇత్తడి నష్టం రాగికి రెండింతల లోపే, చేతిలో ఉంటే వాడుకోవచ్చు. కొని మరీ వాడేంత లాభం లేదు.

అంబత్తూరు_అల్యూమినియం
రాగి రాగి అని ఎందుకు కొట్టుకుంటున్నారో అర్థం కాదు. కిటికీలు, పార్టిషన్లు చేసేవాళ్ల దగ్గర 6063 అల్యూమినియం గొట్టం 12 అడుగుల నిడివిలో ఉంటుంది. నష్టం రాగికి 1.36 రెట్లు. అంటే 30 మి.మీ. అల్యూమినియం 22 మి.మీ. రాగితో సమానం. 30 × 1.2 అయితే మీటరుకి 0.29 కేజీ, రాగిలో సగం బరువు, ధర అంతకంటే చాలా తక్కువ. మెట్ల రెయిలింగ్ పైపులు వంచే రోలింగ్ షాపులో ఇస్తే వృత్తంగా వంచి ఇస్తారు. పది నిమిషాల పని.

గిండీ_ఫిట్టర్
వంచేటప్పుడు రకం చూడన్నా. టీ6 గట్టిది, ఇంత వ్యాసానికి ఫరవాలేదు గానీ ఒక్క పాస్‌లో లాగితే నలుగుతుంది, నాలుగైదు పాసులు చెప్పాలి. అంచుల దగ్గర ఓ జానెడు ఇటూ అటూ నిటారుగానే మిగులుతుంది, రోలర్‌కి అందదు. అక్కడ కోసెయ్యడానికి అదనంగా కొనుక్కోవాలి. 12 అడుగుల గొట్టంలో నాలుగు మీటర్ల లూప్ రాదు, మూడుంపావు వస్తే గొప్ప.

ఉప్పుగాలి
అల్యూమినియంతో గొడవ గొట్టం కాదు, అతుకు. సోల్డర్ పట్టదు. బోల్టుతో బిగిస్తే అల్యూమినియం, రాగి తాకిన చోట తిరువాన్మియూర్, బీసెంట్ నగర్ సముద్రపు గాలికి ఒక వానాకాలంలో తెల్లటి పొడి రాలుతుంది. నష్టం ఎంతో చూడండి: కెపాసిటర్ దగ్గర రెండు అతుకులు, ఒక్కోటి 5 మిల్లీఓంలు అనుకుంటే మొత్తం 10. మూడు మీటర్ల రాగి లూప్ మొత్తం రెసిస్టెన్సే 35 మిల్లీఓంలు. ఒకటిన్నర రూపాయి బోల్టు దగ్గర ఒక డెసిబెల్ పైన పోయింది.

తప్పదంటే ఇలా: గొట్టం చివర నొక్కి చదును చెయ్యాలి, అనోడైజింగ్ పొరని ఎమెరీ కాగితంతో పూర్తిగా తీసెయ్యాలి (ఆ పొర కరెంటుని ఆపుతుంది), వెంటనే జాయింట్ పేస్టు పూసి, తగరం పూసిన రాగి లగ్ పెట్టి, స్టెయిన్‌లెస్ బోల్టు, స్ప్రింగ్ వాషర్ వేసి బిగించాలి. పైన సిలికోన్.

అంబత్తూరు_అల్యూమినియం
పోరూరులో సముద్రం ఎక్కడుంది? వాళ్ల ఏడో అంతస్తుకి ఉప్పు రావాలంటే తుఫానే రావాలి.

ఉప్పుగాలి
నవంబర్‌లో అదీ వస్తుంది, అవసరమైతే చూసుకో 😀
రాగి అయినా సరే, మెరుస్తూ ఉన్నప్పుడే క్లియర్ లక్కర్ రెండు పూతలు వెయ్యండి. పచ్చగా చిలుం పట్టాక వేసి లాభం లేదు.

వేళచ్చేరి_తీగ
ఎర్తింగ్‌కి వేసే పట్టీ ఎవరూ అనలేదేం? ఎలక్ట్రికల్ షాపుల్లో 25 × 3 పట్టీ ఎప్పుడూ ఉంటుంది. చేత్తో వంగుతుంది. జీఐ పట్టీ వద్దు, అది ఇనుమే. అల్యూమినియం పట్టీ మీటరుకి 0.2 కేజీ.

క్యూ_వెయ్యి
చుట్టుకొలత లెక్కన 18 మి.మీ. గొట్టంలా కనిపిస్తుంది గానీ అంత రాదు. పట్టీలో కరెంటు అంచుల దగ్గర గుమిగూడుతుంది, మధ్య భాగం దాదాపు ఖాళీ. రాగి పట్టీ అయితే మరీ దండగ. మీటరుకి 0.67 కేజీ, 22 గొట్టం కంటే బరువు, పని మాత్రం తక్కువ. ప్లాస్టిక్ పొరల మధ్య అల్యూమినియం ఉండే నీళ్ల కాంపోజిట్ పైపు దీనికంటే నయం. చేత్తో వంగుతుంది, లోపలి రేకు మందం స్కిన్ డెప్త్ (కరెంటు పారే పైపొర లోతు) కంటే చాలా ఎక్కువే. చివర ప్లాస్టిక్ చెక్కి క్లాంపు వెయ్యడమే తలనొప్పి.

డాబామీద_రేడియో
నాకు ప్రసారం వద్దు, రాత్రిపూట విజయవాడ 837 కిలోహెర్ట్జ్ వినాలి, అంతే. దీనికీ రాగి గొట్టమేనా?

లెక్కలమాస్టారు
అక్కర్లేదు నాయనా. మీడియం వేవ్‌లో వాతావరణపు గోలే ఎక్కువ, లూప్ నష్టాలు అందులో మునిగిపోతాయి. 60 సెం.మీ. చదరపు చెక్క చట్రం, దాని మీద మామూలు ఇన్సులేషన్ వైరు 12 చుట్లు, చుట్టుకీ చుట్టుకీ 6 మి.మీ. ఎడం. 29 మీటర్ల వైరు పడుతుంది, సుమారు 200 మైక్రోహెన్రీ వస్తుంది. పాత రేడియో గ్యాంగ్ కెపాసిటర్ (స్టేషన్ మార్చడానికి తిప్పే రేకుల కెపాసిటర్) కలిపితే 837 దగ్గర 180 పీఎఫ్ (పికోఫారడ్) ప్రాంతంలో ట్యూన్ అవుతుంది. ట్రాన్సిస్టర్‌ని చట్రం పక్కన పెట్టు, వైరు కలపక్కర్లేదు. వేరే త్రెడ్ పెట్టుకో, ఇక్కడ రాగి గోల నడుస్తోంది.

పోరూరు_బాల్కనీ
కెపాసిటర్ సంగతి కూడా తేల్చేద్దాం. నా దగ్గర పాత వాల్వు రేడియో గ్యాంగ్ ఉంది, 2 × 500 పీఎఫ్. పది వాట్లు తట్టుకుంటుందా?

క్యూ_వెయ్యి
ఐదు వాట్ల వరకు. రెండు స్టేటర్లని (కదలని రేకులని) లూప్ రెండు చివర్లకి కలుపు, రోటర్‌కి (తిరిగే రేకులకి) ఏదీ కలపకు. రెండు భాగాలూ సిరీస్‌లో పడి 250 పీఎఫ్ అవుతాయి, ఓల్టేజి చెరిసగం పంచుకుంటాయి, రోటర్ రుద్దుడు కాంటాక్టు నష్టం తప్పుతుంది. నాలుగు మీటర్ల లూప్‌కి ఇండక్టెన్స్ 3.6 మైక్రోహెన్రీ, 7.1 దగ్గర 140 పీఎఫ్, 14.1 దగ్గర 35 చుట్టుపక్కల కావాలి. రెండూ అందుతాయి.

పది వాట్లకి ఆ చివర్ల మధ్య రెండు వేల ఓల్టుల పైనే పీక్ ఉంటుంది. గ్యాంగ్ రేకుల మధ్య సందు 0.3 మి.మీ., దుమ్ము పడితే టిక్ టిక్ అంటూ నిప్పురవ్వలు. ప్రసారం అవుతుండగా అక్కడ వేలు పెడితే కాలుతుంది, లోతుగా. బాల్కనీలో పిల్లలు తిరుగుతుంటే గ్యాంగ్‌కి ప్లాస్టిక్ డబ్బా తప్పనిసరి.

సోల్డర్‌బాబు
పది వాట్లకి కెపాసిటర్ బదులు కోయాక్స్ (మధ్య తీగ, చుట్టూ రాగి అల్లిక ఉండే కేబుల్) ముక్క వాడొచ్చుగా. ఆర్‌జీ-213 మీటరుకి 100 పీఎఫ్, ఓల్టేజికి బెంగ లేదు. ఒకే ఫ్రీక్వెన్సీ అయితే కోసుకుంటూ ట్యూన్ చెయ్యడమే. మీటరున్నర ముక్కతో మొదలు.

లెక్కలమాస్టారు
ఒకే ముక్క పెట్టకండి, అక్కడే చాలామంది మోసపోతారు. 1.4 మీటర్ల ముక్కలో రాగి నష్టం లెక్క వేస్తే దాదాపు 0.1 ఓం. లూప్ మొత్తం 0.07 ఓం ఉన్నప్పుడు కెపాసిటరే సగానికి పైగా పవర్ తినేస్తుంది. అదే 35 సెం.మీ. ముక్కలు నాలుగు పక్కపక్కన కలిపితే కెపాసిటీ అంతే, నష్టం పదహారో వంతు. తెరిచి వదిలిన చివర అల్లికని రెండు సెం.మీ. వెనక్కి తీసెయ్యాలి, లేకపోతే అక్కడ రవ్వ దూకుతుంది.

గిండీ_ఫిట్టర్
ఐదు బై ఎనిమిది చుట్ట విప్పే పద్ధతి: డాబా మీద 63.5 సెం.మీ. వ్యాసార్ధంతో సుద్దముక్కతో వృత్తం గియ్యి. గొట్టాన్ని నేల మీద దొర్లిస్తూ విప్పు, లాగకు. రెండు జానలు విప్పు, గీతకి ఆనించు, మళ్లీ రెండు జానలు. ఒకేసారి ఎక్కువ విప్పి మళ్లీ వంచితే రాగి గట్టిపడి మడత పడుతుంది. పలచ గొట్టం కాబట్టి లోపల సన్నటి ఇసుక నింపితే మంచిది. ఇసుక బాగా ఎండాలి. తడి ఇసుక మీద తర్వాత టార్చి పెడితే ఆవిరి పట్టి చివర బిరడా తుపాకీలా పేలుతుంది.

పైన 5 సెం.మీ. గ్యాప్. కెపాసిటర్‌కి వైరు కాదు, వెడల్పు రాగి రేకు సోల్డర్ చెయ్యి. కింద, గ్యాప్‌కి ఎదురుగా కప్లింగ్ లూప్ (రేడియో కేబుల్ కలిపే చిన్న లూప్), పెద్ద లూప్‌లో ఐదో వంతు, అంటే 25 సెం.మీ. వ్యాసం. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కొస్తోందో చెప్పే కొలత) దిగకపోతే దాన్ని కాస్త కోడిగుడ్డు ఆకారానికి నొక్కి చూడు. బాల్కనీ ఇనుప గ్రిల్‌కి వీలైనంత దూరం పెట్టు.

పాతసామాన్ల_పుల్లయ్య
ఇంకో దారి: మొబైల్ టవర్ల నుంచి దించిన 7/8 అంగుళాల ఫీడర్ కేబుల్ తుక్కులో వస్తుంది. బయటి రాగి 25 మి.మీ. దగ్గర, ముడతలుగా ఉంటుంది కాబట్టి వంగుతుంది. నల్ల తొడుగు తీయకుండానే వాడొచ్చు, ఉప్పుగాలి గారి బాధ కూడా తీరుతుంది. బిల్లు ఇచ్చేవాడి దగ్గరే కొనండి, టవర్ కేబుళ్ల దొంగతనాలు ఎక్కువ. ఈసారి సరిగ్గా చెప్పానా?

క్యూ_వెయ్యి
వందకి తొంభై. ముడతల వల్ల కరెంటు దారి పెరిగి నష్టం కాస్త ఎక్కువ, అయినా ఐదు బై ఎనిమిది కంటే నయమే.

పోరూరు_బాల్కనీ
తెచ్చేశా. సెంబుదాస్ వీధి అంతా తిరిగా, తమిళంలో శెంబు అంటే రాగి కదా, పేరు చూసి వెళ్తే వాల్వులు, స్టీల్ పైపులే ఎక్కువ. చివరికి ఏసీ స్పేర్ పార్టుల షాపులోనే దొరికింది. కేజీ రేటు అడిగేసరికి అతను కాలిక్యులేటర్ పక్కన పెట్టి తక్కెడ తీశాడు. ఐదు బై ఎనిమిది, 4.1 మీటర్లు, అయస్కాంతం అంటలేదు. మందం 0.8 అన్నాడు, తూకం 1.41 కేజీ వచ్చింది. ఎక్కువ తూచాడా?

తూకంరాయి
1.41ని 4.1తో భాగిస్తే మీటరుకి 0.344. వెనక్కి లెక్కేస్తే మందం 0.81. సరిగ్గానే తూచాడు. ఆ షాపు ఏ వీధిలోనో చెప్పు, మిగతావాళ్లూ వెళ్తారు.